బిళ్ళగన్నేరు: పెరటి మొక్క నుండి ప్రాణౌషధం వరకు

కర్ణాటక రాష్ట్రం తుమకూరు జిల్లాలోని పావగడ తాలూకాకు మూడు వైపుల ఆంధ్రప్రదేశ్ సరిహద్దే. అందువల్ల ఈ సీమలో కచేరి భాష కన్నడమైనా పలు ఇండ్లలో మాట్లాడే భాష తెలుగు. ఈ తాలూకాలోని వల్లూరు వంటి గ్రామాలలో ఒకే వస్తువుకు రెండు పేర్లు ఉండటం సహజం. తెలుగు ఇల్లాలు బిళ్ళగన్నేరు అని పిలిచే మొక్కనే పొరుగింటి కన్నడ ఇల్లాలు కాశి కణగిలె అనీ, నిత్యపుష్ప అనీ అంటుంది. నీరు లేకపోయినా బ్రతుకుతుంది. ఏడాది పొడవునా పూస్తుంది. ఆకు చేదుగా ఉండటం వల్ల పశువులు సాధారణంగా దాని జోలికి పోవు. వానలు తక్కువైన ఈ మెట్టసీమలో ఇంతకన్నా అనువైన పెరటి మొక్క దొరకటం కష్టం.

పూజకు పూలిచ్చే ఈ సామాన్యమైన మొక్క, రక్తపు కాన్సరు సోకిన పసిపిల్లలను బ్రతికించే మందుకు పుట్టినిల్లు కావటం ఇరవయ్యవ శతాబ్దపు వైద్యచరిత్రలో ఒక అపురూప ఘట్టం. ఆ చరిత్రలో జమైకా దీవి ప్రజల నమ్మకం ఉన్నది, కెనడా ప్రయోగశాల ఓర్పు ఉన్నది, ఇద్దరు తెలుగువారి కృషి ఉన్నది. అన్నిటికీ మించి, నాటువైద్యానికీ నవీన శాస్త్రానికీ ఉండవలసిన సంబంధమేమిటో తెలిపే పాఠం ఉన్నది.

రాచపుండు – అర్బుదం

కాన్సరు అనే మాట వాడుకలోకి రాకముందు తెలుగువారు ఆ వ్యాధిని రాచపుండు అన్నారు. మందులకు లొంగని, మనిషిని లొంగదీసే పుండు కనుక ఆ పేరు దానికి తగినదే. సుశ్రుత సంహితలో అర్బుదం అనే వ్యాధి వర్ణన కనిపిస్తుంది. గుండ్రంగా, కదలకుండా, లోతుగా వేళ్ళూని, మెల్లగా పెరుగుతూ, చీము పట్టని గడ్డగా దానిని ఆ గ్రంథం వివరించింది. వాటిలో రక్తార్బుదం, మాంసార్బుదం అసాధ్యాలని కూడా చెప్పింది. నేడు కాన్సరు అని పిలిచేదంతా నాటి అర్బుదమే అనుకోవటం పొరపాటు. అయినా ఇది సామాన్యమైన గడ్డ కాదని గుర్తించి, తన శక్తికి లోబడనిదానిని లోబడనిదిగా ఒప్పుకొన్న ఆ ప్రాచీన వైద్యుని నిజాయితీ గమనింపదగినది.

ప్రతి దేశంలోనూ జనం ఇటువంటి గడ్డలకూ పుండ్లకూ ఆకుపసరులు, వేళ్ళు, బెరళ్ళు వాడుతూ వచ్చారు. అమెరికా దేశపు జాతీయ కాన్సరు సంస్థలో పనిచేసిన జొనాథన్ హార్ట్‌వెల్ అనే శాస్త్రజ్ఞుడు ప్రపంచమంతటి గ్రంథాలనూ గాలించి, కాన్సరుకు వాడినట్లుగా చెప్పబడిన 3,000కు పైగా మొక్కల పట్టికను 1967 నుండి 1971 వరకు ప్రకటించాడు. అదే సంస్థ 1960 నుండి 1982 వరకు సుమారు 35,000 మొక్కల నమూనాల సారాలను పరీక్షింపజేసింది. అంత పెద్ద రాశిలో నుండి వైద్యుని చేతికి వచ్చిన మందులను వ్రేళ్ళపై లెక్కించవచ్చును. ప్రకృతిలో మందు ఉన్నదన్న మాట నిజమే. అది సులభంగా దొరుకుతుందన్న మాట మాత్రం నిజం కాదు.

ఇరవై అయిదు ఆకుల కవరు

బిళ్ళగన్నేరు జన్మస్థానం భారతదేశం కాదు, ఆఫ్రికా ఖండం ప్రక్కనున్న మడగాస్కర్ దీవి. ఓడల రాకపోకలతో అది ఉష్ణదేశాలన్నిటికీ వ్యాపించింది. 1759లో లినేయస్ దానికి వింకా రోజియా అని పేరు పెట్టాడు. తరువాత వృక్షశాస్త్రజ్ఞులు దానిని కాథరాంథస్ రోజియస్ అన్నారు. వెళ్ళిన ప్రతిచోటా అది ఏదో ఒక నాటువైద్యంలో చేరింది. జమైకాలోనూ, ఫిలిప్పీన్స్‌లోనూ దాని ఆకుల కషాయం మధుమేహానికి మంచిదని ప్రజలు నమ్మారు.

1952లో కెనడాలో క్లార్క్ నోబుల్ అనే వైద్యునికి జమైకాలో ఉన్న రోగి ఒకరు ఒక కవరు పంపారు. అందులో ఉన్నవి 25 బిళ్ళగన్నేరు ఆకులు. ఆ దీవిలో చక్కెరవ్యాధికి వీటిని వాడుతున్నారు, పరీక్షించి చూడమని కోరిక. క్లార్క్ వాటిని వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న తన తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కు అందజేశాడు.

రాబర్ట్ ఆ ఆకుల సారాన్ని ఎలుకలకు త్రాగించి చూశాడు. రక్తంలోని చక్కెర ఏమాత్రం తగ్గలేదు. నమ్మకం తప్పని తేల్చి కవరును ప్రక్కన పడవేయటానికి అంతకన్నా కారణం అక్కరలేదు. కాని ఆయన అక్కడితో ఆగక, అదే సారాన్ని సూదిద్వారా ఎక్కించాడు. కొద్ది రోజులలోనే ఎలుకలు సూక్ష్మజీవుల వలన కలిగే అంటుకు గురియై మరణించాయి. ఎందుకు మరణించాయని వెదికితే, వాటి రక్తంలోని తెల్లకణాలు బాగా క్షీణించి ఉన్నాయి, ఎముకల మూలుగ అణగిపోయి ఉన్నది. రోగాన్ని ఎదిరించే కణాలు లేక అవి అంటుకు లొంగిపోయాయన్నమాట.

మధుమేహానికి మందు కోసం వెదికిన చేతికి మరొకటి తగిలింది. తెల్లకణాలను అణచివేయగల పదార్థం, తెల్లకణాలే విచ్చలవిడిగా పెరిగిపోయే రక్తపు కాన్సరును కూడా అణచగలదేమో అన్న ఆలోచన అక్కడ మొలకెత్తింది. 1954లో చార్లెస్ బీర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు నోబుల్‌తో చేరాడు. ఆకులో నూరుకు పైగా ఉన్న క్షారతత్త్వాల నుండి పనిచేసే ఒక్కదానిని విడదీయటానికి వారికి సంవత్సరాలు పట్టింది. 1958లో వారు దానిని లోకానికి ప్రకటించారు. దానినే నేడు విన్‌బ్లాస్టిన్ అంటారు.

సరిగ్గా అదే కాలంలో అమెరికాలోని ఎలై లిల్లీ సంస్థలో గోర్డన్ స్వోబోడా కూడా ఆ మొక్కపైనే పనిచేస్తున్నాడు. ఆయనను అటు నడిపించినది ఫిలిప్పీన్స్ ప్రజల మధుమేహపు నమ్మకమే. ఆ సారం కాన్సరు సోకిన చిట్టెలుకల ఆయుస్సును పెంచినట్లు అక్కడ కనుగొన్నారు. ఆ కృషి నుండే విన్‌క్రిస్టిన్ అనే రెండవ మందు వెలువడింది. 1963లో అమెరికా ప్రభుత్వం దాని వాడకానికి అనుమతినిచ్చింది.

మందు పనిచేసే తీరు

ఒక కణం రెండుగా చీలే ముందు దానిలో సన్నని నూలుపోగుల వంటి నాళికలు ఏర్పడతాయి. అవి వారసత్వ లక్షణాలను మోసే క్రోమోజోములను చెరి సగంగా రెండు వైపులకు లాగుతాయి. ఆ నాళికలు ట్యూబులిన్ అనే మాంసకృత్తుతో తయారవుతాయి. బిళ్ళగన్నేరు మందులు ట్యూబులిన్‌ను పట్టుకొని నాళికలు అల్లుకోకుండా చేస్తాయి. పోగు లేని మగ్గం వలె కణవిభజన నడిమిలోనే నిలిచిపోతుంది. అలా నిలిచిన కణం చివరకు మరణిస్తుంది.

వేగంగా విభజన చెందే కణాలపై ఈ దెబ్బ ఎక్కువగా పడుతుంది. కాన్సరు కణాలు అటువంటివే. కాని శరీరంలో మంచి కణాలు కూడా విభజన చెందుతూ ఉంటాయి. అందుకే విన్‌బ్లాస్టిన్ మోతాదు ఎముకల మూలుగ ఓర్చుకోగలిగినంతకే పరిమితం కావాలి. విన్‌క్రిస్టిన్ నరాలను దెబ్బతీస్తుంది. రెండూ రక్తనాళంలోకి మాత్రమే ఎక్కించవలసిన మందులు. విన్‌క్రిస్టిన్‌ను పొరపాటున వెన్నులోనికి ఎక్కిస్తే ప్రాణం పోతుంది. మందుకూ విషానికీ మధ్య గల సన్నని గీతను కొలిచి చూపినది ప్రయోగశాలయే. పెరటిలోని ఆకు ఆ కొలత చెప్పలేదు.

ఆయుర్వేద కళాశాల నుండి అమెరికాకు

కాన్సరు మందుల చరిత్రలో తెలుగువారు ముందుగా తలచుకోవలసిన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మద్రాసులో వైద్యవిద్య అభ్యసించారు. స్ప్రూ అనే జీర్ణకోశవ్యాధి ఆయనను పీడించినప్పుడు నయం చేసినది ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్స. ఆ కృతజ్ఞతతో, ఆసక్తితో, ఆయన మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించారు. దేశీయ వైద్యాన్ని నవీన శాస్త్రపు గీటురాయిపై పరీక్షించి నిలబెట్టాలన్నది ఆయన కోరిక. 1922లో అమెరికా వెళ్ళారు. హార్వర్డ్‌లో చదివి, అక్కడే పరిశోధనలు చేసి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు.

ఆయన మార్గం కూడా ఒక ఆకుతో ముడిపడినదే. బొంబాయిలో గర్భిణీ స్త్రీలకు వచ్చే రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు, ఈస్టు సారంలోని ఏదో పదార్థం దానిని నయం చేస్తున్నదని 1931లో తెలిపింది. 1941లో అమెరికాలో మిచెల్, స్నెల్, విలియమ్స్ అనేవారు పాలకూర నుండి ఒక జీవపదార్థాన్ని వేరుచేశారు. లాటిన్ భాషలో ఫోలియం అంటే ఆకు. ఆ మాట నుండే ఫోలిక్ ఆమ్లం అనే పేరు పుట్టింది. 1945లో సుబ్బారావు గారి నాయకత్వంలోని బృందం దానిని ప్రయోగశాలలో తయారుచేసింది.

రక్తకణాల వృద్ధికి ఫోలిక్ ఆమ్లం అవసరం. అయితే దానివలె నటిస్తూ దాని పనికి అడ్డుపడే పదార్థాన్ని ఇస్తే రక్తపు కాన్సరు కణాలు ఆకలితో మాడిపోవాలి కదా. ఆ బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అటువంటిదే. బోస్టన్ నగరంలో సిడ్నీ ఫార్బర్ 1947 చివర నుండి దానిని రక్తపు కాన్సరు సోకిన పిల్లలకు వాడి చూశాడు. 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలికంగానైనా వ్యాధి వెనుకకు తగ్గింది. 1948 జూన్‌లో ఆ ఫలితాలు ప్రకటితమయ్యాయి. అంతకుముందు ఈ వ్యాధికి వైద్యుడు ఇవ్వగలిగినది ఓదార్పు ఒక్కటే. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు గారు తమ 53వ ఏట న్యూయార్కులో కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది.

ఇక్కడ రెండు దారులు కలుస్తాయి. పిల్లలకు వచ్చే రక్తపు కాన్సరు చికిత్సలో బిళ్ళగన్నేరు నుండి వచ్చిన విన్‌క్రిస్టిన్, సుబ్బారావు గారి పరిశోధన నుండి వచ్చిన మెథోట్రెక్సేట్ మరికొన్ని మందులతో కలిసి ఒకే చికిత్సాక్రమంలో పనిచేస్తాయి. 1960 దశకంలో ఈ వ్యాధి సోకిన పిల్లలలో అయిదేళ్ళు బ్రతికినవారు పదిమందిలో ఒకరైనా లేరు. నేడు పూర్తి చికిత్స అందే దేశాలలో పదిమందిలో తొమ్మిదిమంది ఆ గడువును దాటుతున్నారు.

పూనా – హైదరాబాదు

ఆకు భారతదేశపు పెరళ్ళలో ఉన్నా మందు మాత్రం చాలాకాలం విదేశాల నుండి రావలసి వచ్చింది. దీనికి కారణం లేకపోలేదు. ఒక గ్రాము విన్‌బ్లాస్టిన్ రావటానికి సుమారు 500 కిలోల ఎండుటాకు కావాలి. ఒక గ్రాము విన్‌క్రిస్టిన్‌కు సుమారు 2,000 కిలోలు. గడ్డివామిలో సూది వెదకినట్లు, నూరుకు పైగా పదార్థాల మధ్య నుండి ఆ రవ్వంతను చెడకుండా వెలికితీయటం కఠినమైన రసాయన విద్య.

ఆ విద్యను స్వదేశంలో సాధించినవారిలో ముఖ్యుడు మరొక తెలుగువాడు, ఆళ్ళ వెంకట రామారావు. 1935లో గుంటూరులో జన్మించిన ఆయన పూనాలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో సుప్రసిద్ధ శాస్త్రవేత్త కె. వెంకటరామన్ శిష్యులుగా ఎదిగారు. ఆ ప్రయోగశాల సహకారంతో సిప్లా సంస్థ 1984లో విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ మందులను దేశంలోనే తయారుచేసింది. 1985లో రామారావు గారు హైదరాబాదులోని ప్రాంతీయ పరిశోధన ప్రయోగశాలకు సంచాలకులుగా వచ్చారు. తరువాత అదే భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అయినది. ఆ సంస్థ సహకారంతో 1991లో ఎటోపోసైడ్ అనే మరొక కాన్సరు మందు వెలువడింది. దాని మూలం హిమాలయాలలో పెరిగే పోడోఫిల్లం మొక్క వేరులోని పదార్థం. ప్రభుత్వం రామారావు గారిని 1991లో పద్మశ్రీతోనూ, 2016లో పద్మభూషణ్‌తోనూ గౌరవించింది.

మందు దొరికితే మొక్కకు ముప్పు

మందు దొరికిందన్న వార్త ఒక్కొక్కసారి మొక్కకు మరణశాసనం అవుతుంది. 1966లో అమెరికాలో మన్రో వాల్, మన్సుఖ్ వాని అనే శాస్త్రజ్ఞులు ఒక చైనా వృక్షం నుండి కాంప్టోథెసిన్ అనే పదార్థాన్ని కనుగొన్నారు. 1972లో టి.ఆర్. గోవిందాచారి, ఎన్. విశ్వనాథన్ అదే పదార్థం పడమటి కనుమలలోని ఒక చిన్న చెట్టులో సమృద్ధిగా ఉన్నట్లు తెలిపారు. దాని నుండి తయారయ్యే మందులకు గిరాకీ పెరగటంతో మహారాష్ట్ర, కర్ణాటక అడవులలో ఆ చెట్టును విచక్షణారహితంగా నరికివేశారు. వాల్, వాని 1971లో కనుగొన్న టాక్సాల్ చరిత్ర కూడా ఇటువంటిదే. పసిఫిక్ తీరపు యూ చెట్టు బెరడు ఒలిస్తే గాని తొలుత ఆ మందు వచ్చేది కాదు. ఆకుల నుండి మూలపదార్థం తీసి మందుగా మార్చే విధానం వచ్చిన తరువాతనే ఆ చెట్లకు ఊపిరి దక్కింది.

బిళ్ళగన్నేరుకు ఆ భయం లేదు. విత్తితే మొలుస్తుంది, మెట్టలో పెరుగుతుంది. దక్షిణాది రాష్ట్రాలలో రైతులు దానిని పంటగా కూడా పండించారు. అయినా 500 కిలోల ఆకుకు ఒక గ్రాము మందు అన్న లెక్క మారలేదు. 2019లో అమెరికాలోనే విన్‌క్రిస్టిన్ కొరత ఏర్పడి పిల్లల తల్లిదండ్రులు తల్లడిల్లారు. 2022లో జే కీస్లింగ్ బృందం ఈస్టు కణాలలో 30 రసాయన దశలను కూర్చి, విన్‌బ్లాస్టిన్‌కు మూలమైన రెండు పదార్థాలను వాటిచేత తయారుచేయించింది. మొక్క చేసే పనిని సూక్ష్మజీవికి నేర్పటానికి మానవునికి అరవై నాలుగేళ్ళు పట్టింది.

వల్లూరుకు ఈ చరిత్ర చెప్పేది

పావగడ సీమలో నాటువైద్యం నేటికీ జ్ఞాపకంగా మిగిలి ఉన్నది. ఉత్తర పినాకిని ప్రవహించే ఈ తాలూకాలో పెన్నేరు గడ్డ అంటే తెలియని పెద్దలు అరుదు. అదే అశ్వగంధ. దానిలోని విథాఫెరిన్ అనే పదార్థం 1960 దశకం నుండి శాస్త్రజ్ఞుల పరిశీలనలో ఉన్నది. ప్రయోగశాలలో కాన్సరు కణాలపై పనిచేసింది. కాని ఇంతవరకు కాన్సరు మందుగా ఆమోదం పొందలేదు. పసుపులోని కర్క్యుమిన్ కథ కూడా అంతే. గాజుపాత్రలో కణాన్ని చంపినదంతా మనిషిలో రోగాన్ని చంపదు.

ఈ తేడా తెలియక జరిగే నష్టం చిన్నది కాదు. గడ్డ కనిపించిన నాడే ఆసుపత్రికి పోవలసిన మనిషి, ఆకుపసరుతో అణగుతుందని ఆరునెలలు ఆగితే, నయం కాదగిన వ్యాధి నయం కానిదవుతుంది. బిళ్ళగన్నేరు నుండి కాన్సరు మందు వస్తుందని విని ఆ ఆకును నమిలే వారికి మందు అందదు, అపాయం అందుతుంది. నోబుల్ ఎలుకలు ఆ ఆకుసారాన్ని త్రాగినప్పుడు ఆశించిన ఫలితం రాలేదనీ, సూదిద్వారా ఎక్కినప్పుడు ప్రాణమే పోయిందనీ మరువరాదు. కర్ణాటక ప్రజల కొరకు 1973 నుండి బెంగళూరులో కిద్వాయ్ కాన్సరు సంస్థ ఉన్నది. తెలుగువారికి హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ ఆసుపత్రి ఉన్నది. రాచపుండుకు మొదటి మందు ఆలస్యం చేయకపోవటమే.

అట్లని నాటువైద్యాన్ని తృణీకరించటమూ చరిత్రకు అపచారమే. జమైకా పల్లెవాసి నమ్మకం అక్షరాలా నిజం కాలేదు. కాని ఆ నమ్మకం లేకపోతే ఆ 25 ఆకులు కవరులోకి ఎక్కేవి కావు. ప్రజల అనుభవం ప్రశ్నను అందించింది. జవాబు వెదికినది శాస్త్రం. ప్రశ్ననే జవాబుగా భ్రమించటం ఒక తప్పు అయితే, ప్రశ్ననే వినకపోవటం మరొక తప్పు.

నేడు వల్లూరు రూపు మారుతున్నది. వల్లూరు, తిరుమణి, బాలసముద్రం, రాయచెర్లు, క్యాతగానచెర్లు గ్రామాలకు చెందిన సుమారు 13,000 ఎకరాలలో వెలసిన సౌరవిద్యుత్ కేంద్రం 2019 చివరకు 2,050 మెగావాట్ల సామర్థ్యాన్ని అందుకొన్నది. కౌలు రూపంలో రైతుకు ఏటా ఆదాయం వస్తున్నది. వేరుశనగ చేలు ఉన్నచోట అద్దపు పలకలు నిలిచాయి. చేనుగట్టున నడుస్తూ ఈ ఆకు దేనికి, ఆ వేరు దేనికి అని తాత మనుమనికి చెప్పే సందర్భం తగ్గిపోతున్నది. వెలుగు వచ్చింది, మంచిదే. గట్టుమీది మొక్కను పేరుపెట్టి పిలవగల జ్ఞానం మాత్రం ఆ వెలుగులో కనుమరుగు కారాదు. పెద్దలు చెప్పగా విని, ఊరిలోని మొక్కల పేర్లూ వాడుకలూ పిల్లలు తెలుగులోనూ కన్నడంలోనూ వ్రాసిపెడితే అది ఏ పాఠశాలకైనా తరగని ఆస్తి అవుతుంది.

ఒక పాఠశాలకు డెబ్బది అయిదేళ్ళు నిండటం పండుగ. బోస్టన్‌లో మొదటి బిడ్డకు సుబ్బారావు గారి మందు సూదిద్వారా ఎక్కి కూడా రమారమి అంత కాలమే అయినది. అప్పటివరకు మరణం తప్ప దారిలేని వ్యాధి నుండి పిల్లలు లేచి బడికి పోతున్నారు. భీమవరంలో పుట్టిన ఒక బాలుడు, గుంటూరులో పుట్టిన మరొక బాలుడు ఆ మార్పులో పాలుపంచుకొన్నారు. పెరటిలో పూసే బిళ్ళగన్నేరును వల్లూరు బాలబాలికలు దేవుని పటానికి అలంకరించవచ్చును, పూస్తకంలో దాచుకోవచ్చును. దానిని చూసి ‘ఇది ఎందుకు చేదుగా ఉన్నది?’ అని ఒక్కరు అడిగినా చాలును. ఆ చరిత్ర అంతా మొదలైనది అటువంటి ప్రశ్నతోనే.